మాటే వెలుగైన చిలకమర్తి

మనిషికి ప్రకృతి ప్రసాదించిన శక్తులలో వాక్కు మిక్కిలి విలువైనది. కత్తి ఎదుట ఉన్నవానినే తాకుతుంది. మాట ఊరు దాటి, ఏరు దాటి, తరం దాటి వెళ్లి పనిచేస్తుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మన పెద్దలు చెబుతూ వచ్చారు. ఆ మాటల బలంతోనే జీవించి, పిల్లలకు పాఠాలు చెప్పి, పెద్దలను నవ్వించి, పాలకులను కలవరపెట్టిన తెలుగు రచయిత చిలకమర్తి లక్ష్మీనరసింహం. కంటిచూపు ఆయనకు తోడుగా నిలవలేదు. మాట మాత్రం చివరిదాకా ఆయనను విడిచిపెట్టలేదు.

చిలకమర్తి లక్ష్మీనరసింహం 1867 సెప్టెంబరు 26న తణుకు సమీపంలోని ఖండవల్లి గ్రామంలో, మాతామహుల ఇంట జన్మించారు. తల్లి వెంకటరత్నమ్మ, తండ్రి వెంకన్న. వారి స్వగ్రామం భీమవరానికి, పాలకొల్లుకు నడుమ ఉన్న వీరవాసరం. కొల్లేటికి తూర్పున గోదావరి కాలువలు పారే పల్లపు నేల అది. ధవళేశ్వరం వద్ద ఆనకట్ట నిర్మాణం 1852లో పూర్తయి, కాలువల నీరు ఊళ్లకు చేరుతున్న కాలం. వరిచేలు పచ్చబడినా చదువు ఇంకా అందరి గడపా తొక్కలేదు. అచ్చు పుస్తకాలు అరుదు. పురాణ కాలక్షేపాలు, హరికథలు, తోలుబొమ్మలాటలు, పెద్దల నోటి పద్యాలే పల్లెల్లో ప్రజలకు చదువు, వినోదం. ఆ వాతావరణంలో పిల్లలు అక్షరాలను దిద్దడానికి ముందే పద్యాలను వల్లెవేసేవారు.

బాల్యం నుంచే లక్ష్మీనరసింహానికి రేచీకటి ఉండేది. పొద్దు గూకితే ఆయనకు పరిసరాలు కనబడేవి కావు. మసక వెలుతురులో చూడడానికి తోడ్పడే కణాలు కంటిలోని నేత్రపటలంపై ఉంటాయి. అవి సరిగా పనిచేయకపోతే పగలు కొంత చూపు ఉన్నా, రాత్రి చీకటే మిగులుతుంది. విద్యుద్దీపాలు లేని ఆ రోజుల్లో పిల్లలు రాత్రిపూట ఆముదపు దీపం ముందు కూర్చొని పాఠాలు చదువుకొనేవారు. ఈ బాలునికి ఆ అవకాశం లేదు. పగటి పూట కూడా దూరాన ఉన్న అక్షరాలు ఆయన కంటికి ఆనేవి కావు. ఇటువంటి ఇబ్బంది ఉన్న పిల్లవానిని చదువు మాన్పించి ఇంట కూర్చోబెట్టడం ఆ కాలంలో వింత కాదు.

అయినా ఆయన చదువు ఆగలేదు. తోటి విద్యార్థులు పుస్తకాన్ని బిగ్గరగా చదువుతూ ఉంటే శ్రద్ధగా వినేవారు. విన్నదానిని మనస్సులో నిలుపుకొనేవారు. మన ఛందస్సు ఆయనకు గొప్ప సహాయకారి అయింది. యతిప్రాసలు, గణాల నడక పద్యంలోని పదాలను గొలుసుకట్టుగా పట్టి ఉంచుతాయి. ఒక పదం మరచిపోతే లయ తప్పి, ఆ లోటు చెవికి వెంటనే తెలిసిపోతుంది. చెవితో చదువుకొన్న విద్యార్థికి ప్రతి మాట బరువు, ధ్వని, స్వరం స్పష్టంగా తెలుస్తాయి. లక్ష్మీనరసింహం రచనలలోని సంభాషణలు ఎవరో ఎదుట నిలిచి మాట్లాడుతున్నట్లు ఉండడానికి ఈ శ్రవణ విద్య ఒక కారణమని చెప్పవచ్చు.

వీరవాసరంలో ప్రారంభమైన ఆయన విద్యాభ్యాసం నరసాపురంలోను, ఆ తరువాత రాజమహేంద్రవరంలోను సాగింది. 1889లో ఆయన మెట్రిక్యులేషన్ పరీక్షలో ఉత్తీర్ణులయ్యారు. అప్పటికి ఆయన వయస్సు 21 సంవత్సరాలు. కందుకూరి వీరేశలింగం పంతులు సంఘసంస్కరణోద్యమంతో రాజమహేంద్రవరం అప్పుడు ఆంధ్రదేశానికి ఆలోచనా కేంద్రంగా ఉండేది. పత్రికల్లోని వ్యాసాలు, ప్రహసనాలు, ఉపన్యాసాలు వీరేశలింగం ఆయుధాలు. మాటతో మూఢాచారాలను కదిలించవచ్చునని యువకుడైన లక్ష్మీనరసింహం అక్కడ ప్రత్యక్షంగా గ్రహించారు.

అదే ఊరిలోని ఆర్య పాఠశాలలో ఆయన తెలుగు ఉపాధ్యాయులుగా జీవితం ప్రారంభించారు. తరువాత ఇతర పాఠశాలల్లోను పనిచేశారు. మిత్రులతో కలిసి ఒక పాఠశాలను స్థాపించి కొంతకాలం నడిపారు. నాటి వీధిబడులలో గురువు చేతిలోని బెత్తమే ప్రధాన బోధనోపకరణం. కోదండం వేయించడం, గుంజీలు తీయించడం నిత్యకృత్యాలు. పిల్లవాడు నోరు విప్పితే అది పాఠాన్ని అప్పగించడానికే. తన మాట తాను మాట్లాడే అవకాశం అతనికి ఉండేది కాదు.

ఇటువంటి కాలంలో నాటకం యువకులకు నోరిచ్చింది. ఇమ్మానేని హనుమంతరావు నాయుడు నాటక సమాజం కోసం లక్ష్మీనరసింహం నాటకాలు రచించారు. 1889 నాటి కీచకవధ వాటిలో మొదటిది. ఆ తరువాత రచించిన గయోపాఖ్యానం ఆంధ్రదేశమంతటా ప్రదర్శింపబడింది. దాని ప్రతులు లక్షకు పైగా అమ్ముడుపోయాయని ప్రతీతి. చదవడం వచ్చినవారే తక్కువగా ఉన్న ఆ రోజుల్లో ఒక తెలుగు పుస్తకం ఇంతగా ప్రచారం పొందడం అసాధారణ విషయం.

గయోపాఖ్యాన కథకు మూలం రెండు మాటల మధ్య సంఘర్షణ. ఆకాశమార్గాన పోతున్న గయుడనే గంధర్వుడు ఉమ్మిన తాంబూలం, అర్ఘ్యమిస్తున్న శ్రీకృష్ణుని దోసిట పడుతుంది. కృష్ణుడు కోపించి, అతనిని చంపుతానని ప్రతిజ్ఞ చేస్తాడు. గయుడు ప్రాణభయంతో అర్జునుని ఆశ్రయిస్తాడు. శత్రువు ఎవరో తెలుసుకోకముందే అర్జునుడు అభయమిస్తాడు. ప్రాణమిత్రులైన బావామరదులు, పలికిన మాటకు కట్టుబడి ఒకరిపై ఒకరు ఆయుధాలెత్తవలసి వస్తుంది. కోపంతో పలికిన ప్రతిజ్ఞ ఒకటి, దయతో తొందరపడి ఇచ్చిన అభయం మరొకటి. రెండూ నోటి నుంచి వెలువడే దాకా మనిషి అధీనంలో ఉంటాయి. వెలువడిన తరువాత మనిషే వాటికి అధీనుడవుతాడు. ఈ సత్యాన్ని ఉపన్యాసంగా గాక, కథగా, పద్యాలుగా లక్ష్మీనరసింహం ప్రేక్షకుల కళ్ల ముందుంచారు.

ఆ నాటక సమాజంలో వేషాలు వేసిన కుర్రవాళ్లలో టంగుటూరి ప్రకాశం ఒకరు. పేద కుటుంబంలో పుట్టిన ప్రకాశాన్ని ఆయన గురువైన హనుమంతరావు నాయుడు రాజమహేంద్రవరానికి తీసుకువచ్చి చదివించారు. లక్ష్మీనరసింహం నాటకాలలో నటిస్తూ ఆ యువకుడు వేలమంది ఎదుట జంకు లేకుండా గొంతెత్తి పలకడం అలవరచుకొన్నారు. ఆయనే తరువాత పేరొందిన న్యాయవాది అయ్యారు. 1928లో మద్రాసులో సైమన్ కమిషన్‌ను నిరసిస్తూ తుపాకులకు రొమ్మొడ్డి, ఆంధ్రకేసరిగా కీర్తి పొందారు. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యారు. రంగస్థలంపై నేర్చిన మాట అనంతర కాలంలో ప్రజాసభలకు ఉపకరించింది.

నవలా రచనలోను లక్ష్మీనరసింహం అగ్రగణ్యులు. న్యాపతి సుబ్బారావు చింతామణి పత్రిక ద్వారా నవలల పోటీలు నిర్వహించేవారు. 1894లో రామచంద్ర విజయం అనే నవలకు అందులో బహుమతి లభించింది. హేమలత, అహల్యాబాయి వంటి చారిత్రక నవలలు తరువాత వెలువడ్డాయి. చారిత్రక నవలల మూలంగా ఆయనను ఆంధ్ర స్కాట్ అని, చూపు లేకపోయినా సాహిత్య సృష్టి సాగించినందున ఆంధ్ర మిల్టన్ అని ప్రజలు గౌరవించారు. విద్యార్థులు తేలికగా చదువుకోవడానికి వీలుగా రాజస్థాన కథావళిని, మహాపురుషుల జీవిత చరిత్రలను ఆయన సరళమైన తెలుగులో రచించారు. వయస్సు పెరిగేకొద్దీ చూపు క్షీణించి, చివరకు పూర్తిగా పోయింది. అప్పటి నుంచి ఆయన చెబుతూ ఉంటే ఇతరులు వ్రాసేవారు. వాక్యాన్ని వ్రాసి, కొట్టివేసి, దిద్దుకొనే సౌకర్యం లేనివాడు మాటను మనస్సులోనే తూచి పలకాలి. ఆయన రచనలలోని స్పష్టతకు ఈ అవసరం కూడా తోడ్పడింది.

మాటకు ఎంతటి శక్తి ఉందో ఆంధ్రదేశం 1907లో చూసింది. 1905లో బ్రిటిష్ ప్రభుత్వం వంగరాష్ట్రాన్ని విభజించింది. దానికి నిరసనగా వందేమాతరం ఉద్యమం చెలరేగింది. ఆ ఉద్యమ ప్రచారానికి వంగదేశ నాయకులైన బిపిన్ చంద్రపాల్ 1907 ఏప్రిల్‌లో ఆంధ్రదేశంలో పర్యటిస్తూ రాజమహేంద్రవరం వచ్చారు. పాల్ మహావక్త. అయితే ఆయన ఉపన్యాసాలు ఆంగ్లంలో సాగేవి. సభకు వచ్చిన సామాన్యులకు ఆ భాష తెలియదు. ఆ ఉపన్యాసాలను తెలుగులోకి అనువదించి చెప్పే బాధ్యతను లక్ష్మీనరసింహం స్వీకరించారు. చూసి చదువుకోవడానికి ఎదుట కాగితం లేదు. ఉన్నా చూపు సహకరించదు. వక్త పలికిన వాక్యాలను విని, జ్ఞప్తిలో నిలుపుకొని, అదే ఆవేశంతో తెలుగు చేసి చెప్పాలి. బాల్యం నుంచి చెవితో నేర్చిన విద్య ఆనాడు దేశకార్యానికి అక్కరకు వచ్చింది.

ఆ సందర్భంలో లక్ష్మీనరసింహం ఆశువుగా ఒక పద్యం చెప్పారు. దేశాన్ని పాలిచ్చే గోవుతోను, ప్రజలను ఆకలితో విలపించే దూడలతోను పోల్చారు. దూడలకు చిక్కం తగిలించి, పాలన్నీ తామే పిండుకొనే నేర్పరులుగా పరాయి పాలకులను చిత్రించారు. అది తేటగీతి. ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలతో నడిచే నాలుగు చిన్న పాదాలు. మొత్తం పదిహేను మాటలకు మించదు. పరాయి పాలనలో దేశ సంపద తరలిపోవడాన్ని గురించి దాదాభాయి నౌరోజీ వంటి పెద్దలు లెక్కలు కట్టి ఆంగ్లంలో గ్రంథాలు వ్రాశారు. ఆ సారమంతా ఈ చిన్న పద్యంలో, పశువుల కాపరికి కూడా తెలిసిన పోలికలో ఇమిడిపోయింది. పాడి లేని పల్లె లేదు. పాలకు దూరమై అరిచే దూడను చూడని తెలుగు పిల్లవాడు లేడు. అందువల్ల ఆ పద్యానికి వ్యాఖ్యానం అవసరం కాలేదు.

పద్యం ఒకరి నోటి నుంచి మరొకరి నోటికి పాకి ఆంధ్రదేశమంతటా వ్యాపించింది. పుస్తకమైతే ప్రభుత్వం నిషేధించవచ్చు. పత్రికైతే ముద్రణాలయాన్ని స్వాధీనం చేసుకోవచ్చు. పిల్లల నాలుకపై నిలిచిన పద్యాన్ని ఏ ప్రభుత్వం జప్తు చేయగలదు? ఛందస్సు దానికి కవచమైంది. ఎవరి నోట పలికినా ఒక్క మాటైనా చెదరకుండా అది నిలిచింది.

అదే సమయంలో రాజమహేంద్రవరం విద్యార్థులు తమ మాటకు మూల్యం చెల్లించవలసి వచ్చింది. పాల్ ఉపన్యాసాలు విన్న కళాశాల విద్యార్థులు వందేమాతరం అని నినదించారు. ఆ అక్షరాలు గల బిళ్లలను రొమ్మున ధరించి తరగతులకు వెళ్లారు. తల్లికి నమస్కరించే ఆ చిన్న మాటను ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ సహించలేదు. విద్యార్థులపై కఠిన చర్యలు తీసుకొన్నారు. ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్న గాడిచర్ల హరిసర్వోత్తమరావు కళాశాల నుంచి బహిష్కృతులయ్యారు. చేతికి రాబోతున్న ఉద్యోగం పోయింది. అయినా ఆయన పలికిన మాటను వెనుకకు తీసుకోలేదు. 1908లో విజయవాడ నుంచి స్వరాజ్య పత్రికను నడిపి, అందులోని రచనకు కారాగార శిక్ష అనుభవించారు. విడుదలైన తరువాత గ్రంథాలయోద్యమానికి సారథ్యం వహించి, ప్రజలకు పుస్తకాలను చేరువ చేశారు. నేటి జూనియర్ కళాశాల విద్యార్థుల కంటె కొద్ది సంవత్సరాలు మాత్రమే పెద్దవారైన ఆనాటి యువకులు, తాము పలికే మాట సామ్రాజ్యాన్నే ఆలోచింపజేయగలదని నిరూపించారు. మాటకు ఉన్న శక్తితో పాటు దానికి చెల్లించవలసిన మూల్యాన్ని కూడా వారు గ్రహించారు.

లక్ష్మీనరసింహం మాటలో పదునే గాక నవ్వు కూడా ఉంది. ఆయన ప్రహసనాలు, గణపతి నవల తెలుగు హాస్య సాహిత్యంలో చిరస్థాయిగా నిలిచాయి. గణపతి పేదరికంలో, పెంపకం లోపించి పెరిగిన కుర్రవాడు. చదువు అబ్బక, పని నేర్వక, గొప్పలు చెప్పుకొంటూ తిరుగుతాడు. అక్షరజ్ఞానం అంతంత మాత్రమైన అతడు బడిపంతులు అవతారమెత్తడం పాఠకులకు కడుపుబ్బ నవ్వు తెప్పిస్తుంది. నవ్వు ఆగిన తరువాత గణపతిపై జాలి కలుగుతుంది. అతనిని ఆ విధంగా తయారుచేసిన సమాజంపై ఆలోచన కలుగుతుంది. ఎగతాళి చేసే మాటకు, హాస్యమాడే మాటకు భేదం ఇక్కడే ఉంది. ఎగతాళి ఎదుటివానిని ఒంటరిని చేసి నవ్విస్తుంది. హాస్యం అతనిలో మన లోపాన్ని కూడా చూపించి నవ్విస్తుంది. చిన్ననాటి నుంచి చూపు లోపంతో జీవించిన మనిషి, లోపం గలవారిని చులకన చేయకుండా నవ్వించడం గమనింపదగిన విషయం.

మాట వరమే అయినా, ఆ వరం అందరికీ అందలేదు. నాటి సమాజం కొన్ని కులాలవారిని అంటరానివారని పేరుపెట్టి ఊరి వెలుపల ఉంచింది. ఆ పేరే ఒక గాయం. పుట్టిన నాటి నుంచి ఆ పిల్లలు వినేవి అదిలింపులు, కసురులు మాత్రమే. బడి గుమ్మం వారికి మూసి ఉండేది. ప్రభుత్వం అనుమతించిన చోట కూడా పక్కన కూర్చోబెట్టుకోవడానికి ఇతరులు ఒప్పుకొనేవారు కాదు. పత్రం చదవలేక, లెక్క తెలియక వారి కుటుంబాలు అప్పుల పాలై మోసపోయేవి. తమ బాధను వ్రాతపూర్వకంగా అధికారికి తెలుపుకొనే దారి కూడా వారికి లేదు. ఈ అన్యాయాన్ని గుర్తించిన లక్ష్మీనరసింహం 1909లో రాజమహేంద్రవరంలో ఆ పిల్లల కోసం ఒక పాఠశాలను స్థాపించారు. సంఘసంస్కర్త రాజా రామమోహనరాయ్ పేరిట దానిని రామమోహన పాఠశాల అని పిలిచారు. కలిమి గల కుటుంబం కాకపోయినా, చూపు తగ్గిపోతున్నా, పదమూడు సంవత్సరాలు ఆ పాఠశాలను నిర్వహించారు.

ఒక పద్యం సభలో చెప్పడానికి క్షణకాలం చాలు. ఒక పాఠశాలను ఏళ్ల తరబడి నిలబెట్టడానికి ఓర్పు కావాలి. పలక పట్టిన పిల్లవాడు తన పేరును తానే వ్రాసుకొన్న రోజున, లోకం తగిలించిన పేరు కొంత బలహీనపడుతుంది. ఆ పిల్లలకు అక్షరాలతో పాటు తమ మాట తాము చెప్పుకొనే హక్కు ఉందన్న నమ్మకం కూడా పాఠశాల కలిగించగలదు. మాట మహిమను పద్యంలో పాడిన కవి, ఆ మాటను నోరు లేని పిల్లలకు చేర్చడం ద్వారా తన పలుకును ఆచరణగా మార్చారు.

సాహిత్య సేవకు గుర్తింపుగా ఆంధ్ర విశ్వవిద్యాలయం 1943లో లక్ష్మీనరసింహాన్ని కళాప్రపూర్ణ బిరుదుతో సత్కరించింది. వార్ధక్యంలో ఆయన తన స్వీయచరిత్రను కూడా వెలువరించారు. గోదావరి మండల పల్లెజీవనం, నాటి బడులు, నాటక సమాజాలు, సంస్కరణోద్యమం అందులో సజీవంగా కనిపిస్తాయి. దశాబ్దాల నాటి మనుషులు, ఊళ్లు, సంఘటనలు ఆయన జ్ఞాపకంలో చెక్కుచెదరకుండా నిలిచి ఉన్నాయి. 1946 జూన్ 17న ఆయన పరమపదించారు. అప్పటికి స్వాతంత్ర్యం పదునాలుగు నెలల దూరంలో ఉంది. తన పద్యంలోని లేగల చిక్కం ఊడిపోయే రోజును ఆయన చూడలేకపోయారు.

ఖండవల్లి, వీరవాసరం, నరసాపురం పరిసరాలలో నేడు పిల్లలు విద్యుద్దీపాల కింద చదువుకొంటున్నారు. వారి మాట క్షణంలో వేలమందికి చేరే సాధనాలు వారి చేతుల్లోకి వచ్చాయి. ఒక కసురు మాట, ఒక అసత్యం, ఒక ఎగతాళి కూడా అంతే వేగంగా పోతుంది. ఒకసారి వెలువడిన తరువాత గయోపాఖ్యానంలోని ప్రతిజ్ఞ వలె వెనుకకు రాదు. కనుక పలికే ముందు మాటను మనస్సులో తూచుకోవడం నాటి కంటె నేడు మరింత అవసరం. వినడం నేర్చినవాడే పలకడం నేర్చుకొంటాడు. అన్యాయాన్ని ఎదిరించడానికి పదునుగా, తోటివానిని పలకరించడానికి మెత్తగా, నోరు లేనివాని పక్షాన నిబ్బరంగా మాటను వినియోగించాలి. చిలకమర్తి లక్ష్మీనరసింహం జీవితం విద్యార్థులకు నేర్పే పాఠం ఇదే.